మనసుకూ జబ్బు చేస్తుంది



ఇంట్లో ఎవరికైనా షుగరు వుందనుకోండి, ఆ సంగతి ఇరుగుపొరుగు అందరికీ తెలిసే వుంటుంది. "నాకు స్వీటు వద్దమ్మా, షుగరు" అని పెళ్ళిలో పదిమంది ముందూ చెప్పేస్తాం. మోకాళ్ళ నొప్పులు, బి.పి., థైరాయిడు గురించి బస్సులో పక్క సీటు ఆవిడతో కూడా మాట్లాడుకుంటాం. కాని అదే ఇంట్లో కోడలికి మూడు నెలలుగా నిద్ర పట్టడం లేదనీ, పొయ్యి దగ్గర నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంటోందనీ, ఎవరితోనూ మాటా మంతీ లేదనీ అనుకోండి, ఆ సంగతిని గడప దాటనివ్వం. వియ్యాలవారికి తెలిస్తే ఏమనుకుంటారో, ఆడపడుచుకు వచ్చే సంబంధం తప్పిపోతుందేమో అని భయం.

మన హైదరాబాదులో ఈ భయానికి ఒక పేటపేరు కూడా తగిలించాం. "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అని చిన్నపిల్లలు సైతం తిట్టుకుంటారు. ఎర్రగడ్డలో వున్నది మానసిక రోగాలకు వైద్యం చేసే ప్రభుత్వ ఆసుపత్రి. కంటి ఆసుపత్రి పేరునో, గుండెజబ్బుల ఆసుపత్రి పేరునో మనం ఎవరినీ తిట్టడానికి వాడం కదా! మరి దీని పేరు మాత్రం ఎందుకు తిట్టయింది? మనసుకు వచ్చేది కూడా జబ్బేనని మనం లోలోపల ఒప్పుకోకపోవడం వల్ల. ఒకరు గుణం మంచిది కాదంటారు, ఒకరు పని ఎగ్గొట్టే వేషం అంటారు, ఇంకొకరు గాలి సోకింది అంటారు. జబ్బు అని మాత్రం అనం. జబ్బు అననిదే వైద్యం మొదలుకాదు. ఈవేళ నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే.

మన పాతబస్తీలో వైద్యం చేసినవారు మాత్రం దీన్ని ఏనాడో జబ్బుల లెక్కలో వేశారు. చార్మినారు కట్టింది 1591లో. ఆ తరువాత నాలుగేళ్ళకు, 1595లో, మహమ్మద్ కులీ కుతుబ్‌షా దారుల్‌షిఫా కట్టించాడు. ఆ మాటకు స్వస్థత చేకూర్చే ఇల్లు అని అర్థం. అక్కడ రోగులకు చికిత్సా జరిగేది, విద్యార్థులకు యునానీ వైద్యం పాఠాలూ జరిగేవి. ఇప్పుడు ఆ పేరు ఒక పేటకు మిగిలింది. యునానీ వైద్యం మాత్రం పోలేదు. చార్మినారు పక్కన నిజామియా దవాఖానాకు ఇప్పటికీ రోగులు వస్తూనే వున్నారు.

ఆ యునానీ శాస్త్రంలో 'మాలిఖూలియా' అని ఒక రోగం వుంది. ఎడతెగని దిగులు, కారణంలేని భయం, అనుమానం, ఒంటరిగా కూర్చోవడం దాని లక్షణాలు. ఒంట్లో వుండే నాలుగు రసాలలో నల్ల పిత్తం, అంటే 'సౌదా', ఎక్కువైతే ఇది వస్తుందని హకీములు చెప్పేవారు. వెయ్యేళ్ళ క్రితం ఇబ్న్ సీనా అనే మహావైద్యుడు తన వైద్యగ్రంథంలో దీన్ని వివరించాడు. మన ఆయుర్వేదంలో కూడా చరకసంహిత ఉన్మాదాన్ని ఒక రోగంగా చెప్పి, చికిత్స కూడా చెప్పింది. నల్ల పిత్తం సిద్ధాంతం ఇవాళ నిలవదు. కాని ఆ పెద్దలు చేసిన ఒక పని మాత్రం గొప్పది. దిగులుతో కుమిలిపోయే మనిషిని చూసి "దీనికి ఒంట్లో ఏదో కారణం వుంది, మందు వెతకాలి" అనుకున్నారు.

అలా వెతికిన మందుల్లో ఒకటి సర్పగంధి వేరు. హకీములు దాన్ని 'అస్రోల్' అంటారు. ఉత్తరాదిన పల్లెల్లో దానికి 'పాగల్ కీ దవా' అనే పేరు, అంటే పిచ్చికి మందు. 1931లో కలకత్తాలో సేన్, బోస్ అనే ఇద్దరు వైద్యులు ఈ వేరు రక్తపోటునూ, ఉన్మాదాన్నీ తగ్గిస్తుందని వైద్యపత్రికలో రాశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ అనే రసాయన శాస్త్రవేత్త ఇదే వేరులోంచి కొన్ని పదార్థాలను విడదీసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ గారి జ్ఞాపకార్థం 'అజ్మలిన్' అని పేరు పెట్టాడు. 1952లో స్విట్జర్లాండు శాస్త్రవేత్తలు అందులోంచే 'రిసర్పిన్' అనే మందు తీశారు. 1954 నాటికి న్యూయార్కులో నాథన్ క్లైన్ అనే డాక్టరు దాన్ని మానసిక రోగులకు వాడి ఫలితాలు ప్రకటించాడు. ఆ 1952లోనే పారిస్‌లో క్లోర్‌ప్రోమజిన్ అనే మరో మందును కూడా వాడి చూశారు. అంతవరకూ ఏళ్ళ తరబడి గదుల్లో మగ్గిన రోగులు కొందరు తేరుకుని, కూర్చుని మాట్లాడడం మొదలుపెట్టారు.

ఇక అసలు విశేషం ఇక్కడ వుంది. ఈ వేరు మందు మెదడులో ఏం చేస్తోంది అని శాస్త్రవేత్తలు ఆరా తీశారు. 1955లో అమెరికాలో తెలిసిందేమిటంటే, రిసర్పిన్ ఇస్తే మెదడులోని 'సెరటోనిన్' అనే పదార్థం నిలవలు ఖాళీ అయిపోతాయి. రెండేళ్ళకు స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ అనే ఆయన, ఈ మందు ఇస్తే కదలక మెదలక పడి వుండే జంతువులకు మరో మందు ఇచ్చి, అవి లేచి తిరిగేలా చేశాడు. దాన్నిబట్టి 'డోపమిన్' అనే పదార్థం సంగతి బయటపడింది. ఆయనకు 2000 సంవత్సరంలో నోబెల్ బహుమతి వచ్చింది. మన హకీములూ వైద్యులూ నూరి ఇచ్చిన వేరే, మెదడు రహస్యాలకు ఒక తాళంచెవి అయిందన్నమాట! ఇది విని ఎవరూ పచారీకొట్టుకు వెళ్ళి సర్పగంధి కొని తేవద్దు సుమా. అది రక్తపోటును బాగా పడగొట్టే వేరు, గర్భిణీలకు మరీ ప్రమాదం. ఇప్పుడు మనోవ్యాధులకు దానికంటె నిక్కమైన మందులు వున్నాయి.

సరే, మెదడులో జరిగేదేమిటి? మన మెదడు బరువు కిలోన్నరకు కాస్త తక్కువ. ఒంటి బరువులో నూటికి రెండు వంతులే అయినా, మనం తిన్న తిండి ఇచ్చే శక్తిలో సుమారు ఇరవై వంతులు అదే ఖర్చు పెడుతుంది. అందులో దాదాపు 8,600 కోట్ల నరకణాలు వున్నాయి. ఒక కణానికీ మరో కణానికీ మధ్య సన్నని సందు వుంటుంది. లాడ్‌బజారులో ఎదురెదురు కొట్లవాళ్ళు సందుకు అడ్డంగా సరుకు అందించుకున్నట్టు, ఈ కణాలు సెరటోనిన్, డోపమిన్ వంటి పదార్థాల ద్వారా కబురు అందించుకుంటాయి. మన నిద్ర, ఆకలి, ఉత్సాహం, భయం అన్నీ ఈ కబుర్ల మీదే నడుస్తాయి.

మెదడు లోపల బాదంగింజ ఆకారంలో ఒక చిన్న భాగం వుంది. అపాయం వస్తే గంట కొట్టేది అదే. నుదుటి వెనక వున్న భాగం ఆలోచించి, "ఫరవాలేదు, అది పాము కాదు, తాడే" అని ఆ గంటను ఆపుతుంది. మనిషి ఏళ్ళ తరబడి నలిగిపోతే, అంటే అప్పులు, ఇంట్లో కొట్లాటలు, తాగుడు భర్త, నిద్రలేమి వంటివి వుంటే, ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను అదుపు తప్పుతుంది. గంట ఆగకుండా మోగుతూనే వుంటుంది, ఆపవలసిన భాగం అలసిపోతుంది. అందుకే దిగులు జబ్బు ముందు ఒంట్లోనే కనిపిస్తుంది. గుండె దడ, తలనొప్పి, ఒళ్ళంతా పోట్లు, తిన్నది సయించకపోవడం. మన పక్కింటి ఖాలమ్మ "ఘబ్రాహట్" అంటుంది, మనం "గాభరా" అంటాం, "నరాల వీక్‌నెస్" అని టానిక్కులు తాగుతాం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. "ఫలానా రసాయనం తగ్గింది, అందుకే దిగులు" అని ఒక్క ముక్కలో చెప్పే రోజులు పోయాయి. వంశంలో వచ్చే గుణం కొంత, పెరిగిన తీరు కొంత, బతుకులో పడ్డ దెబ్బలు కొంత, ఒంటి హార్మోన్లు కొంత, అన్నీ కలిస్తేనే జబ్బు. దిగులు జబ్బును పట్టి చూపే రక్తపరీక్షగాని స్కాను గాని లేదు. డాక్టరు అడిగి, విని తెలుసుకోవలసిందే. రక్తపరీక్ష రాస్తే, థైరాయిడు, రక్తహీనత, బి12 విటమిను లోపం వంటివి ఇలాంటి లక్షణాలనే చూపిస్తాయి కాబట్టి, అవి వున్నాయేమో చూడడానికి.

మెదడు సంగతి ఇదైతే, ఇక మనస్తత్వశాస్త్రం చెప్పేది వినండి. శాలిబండలో ఒక ఇల్లాలు వుందనుకుందాం. కొడుకు దుబాయిలో వున్నాడు, ప్రతి శుక్రవారం ఫోను చేస్తాడు. ఈ శుక్రవారం చెయ్యలేదు. మామూలుగా వున్న తల్లయితే "డ్యూటీలో వున్నాడు కాబోలు" అనుకుని పప్పు పోపు పెట్టుకుంటుంది. దిగులుపడిన తల్లి మనసు వేరే దారి పడుతుంది. "వాడు నన్ను మరిచిపోయాడు. నేనెవరికీ అక్కర్లేదు. నేను వున్నా లేకపోయినా ఒకటే." జరిగింది ఒకటే, తలపులు రెండు. 1960ల్లో ఆరన్ బెక్ అనే అమెరికా డాక్టరు ఇదే గమనించాడు. రోగిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ తలపును పట్టుకుని, "దీనికి రుజువేమిటి? ఇంకో కారణం వుండకూడదా?" అని మెల్లిగా ప్రశ్నించడం నేర్పాడు. దానితోబాటు, మానేసిన పనులను, అంటే మేడమీద కాసేపు నడవడం, పక్కింటి వదినగారిని పలకరించడం, మల్లెచెట్టుకు నీళ్ళు పోయడం వంటివి, రోజుకొకటి చొప్పున మళ్ళీ మొదలుపెట్టిస్తారు.

"మాటలతో మెదడు జబ్బు నయమవుతుందా?" అని మీరు అడగవచ్చు. 2000 సంవత్సరంలో లండన్ టాక్సీ డ్రైవర్ల మెదళ్ళను స్కాను చేసి చూశారు. వేలాది వీధులు కంఠతా పట్టిన ఆ డ్రైవర్లలో, దారులను గుర్తుంచుకునే భాగంలో ఒక వైపు, మామూలువారిలో కంటె పెద్దదిగా వుంది. ఎన్నాళ్ళు నడిపితే అంత పెద్దది. అంటే పెద్దవయసులో కూడా, నేర్చుకున్నదాన్నిబట్టి మెదడు మారుతుంది. మాటా, అలవాటూ మెదడుకు బయటి వస్తువులు కావు.

ఆడవాళ్ళ విషయంలో ఒక సమయం మరీ జాగ్రత్తగా చూడవలసింది. అది పురుటి సమయం. కాన్పు అయిన కొద్దిరోజుల్లోనే ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. మూడో రోజో, అయిదో రోజో చాలామంది బాలింతలకు ఊరికే ఏడుపు వస్తుంది. అది రెండు వారాల్లో దానంతటదే పోతుంది. పోకపోతే అది జబ్బు. గర్భిణీలలోనూ, బాలింతలలోనూ నూటికి పదిమందికి పైగా మనోవ్యాధికి లోనవుతారని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతోంది. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి నుంచి బిడ్డను ఎత్తుకుని ఇంటికి రాగానే ఇల్లంతా చుట్టాలే. ఒక ఇంట్లో ఇరవై ఒకటో రోజు వేడుక, మరో ఇంట్లో నలభై రోజుల 'చిల్లా'. "బిడ్డ పాలు తాగిందా? బరువు పెరిగిందా? ఎవరి పోలిక?" అన్నీ అడుగుతారు. తల్లిని మాత్రం "నీకు నిద్ర పడుతోందా అమ్మా? మనసెలా వుంది?" అని అడిగేవారు వుండరు. ఆ పిల్ల నోరు తెరిచి "నాకు బిడ్డను ఎత్తుకోవాలని లేదు" అంటే రాక్షసి అంటారు. రాక్షసి కాదు తల్లీ, రోగి. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి మాత్రం, మొదటి కొద్ది వారాల్లో, బుద్ధి పూర్తిగా చెదిరి, లేని మాటలు వినబడడం, బిడ్డ మీద వింత అనుమానాలు కలుగుతాయి. అటువంటప్పుడు తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా, ఆ పూటే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

బాలింత దిగులు తగ్గించడానికి పెద్ద డాక్టర్లే కావాలనుకోకండి. పాకిస్తానులో రావల్పిండి దగ్గర పల్లెల్లో ఒక ప్రయత్నం జరిగింది. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు, మన ఆశా కార్యకర్తల వంటివారికి, బాలింతల తలపులను మెల్లిగా మళ్ళించే పద్ధతి నేర్పారు. దిగులుతో వున్న సుమారు 900 మంది గర్భిణీలను తీసుకుని, సగంమందికి ఈ పద్ధతిలో, సగంమందికి మామూలుగా వచ్చి పలకరించేలా ఏర్పాటు చేశారు. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి మామూలు పలకరింపు అందినవారిలో నూటికి 53 మంది ఇంకా జబ్బుతోనే వున్నారు. ఈ పద్ధతి అందినవారిలో 23 మందే. 2008లో ఈ ఫలితం ప్రకటించారు. దిగులుతో వున్నవాళ్ళు పల్లెటూరి ఇల్లాళ్ళు, వాళ్ళను తేర్చినవాళ్ళూ ఆడవాళ్ళే.

ఇక మన ఇంట్లో ఏం చేయాలి?

మొదటిది, రెండు వారాలు లెక్క పెట్టండి. దిగులు, ఇష్టమైన పనుల మీద కూడా అయిష్టం, నిద్ర, తిండి తప్పడం, "నేను పనికిరాను" అన్న మాట, ఇవి రెండు వారాలకు మించి రోజూ వుంటే డాక్టరుకు చూపించాలి. ఆప్తులు పోయిన దుఃఖం వేరు. అది అలల్లా వచ్చి పోతుంది. అది జబ్బు కాదు. బోనాలనాడు లాల్‌దర్వాజాలో అమ్మవారు ఒంటి మీదికి రావడమూ జబ్బు కాదు. అది పండుగతో వచ్చి పండుగతో పోతుంది. పండుగ అయిపోయినా మనిషి తన మనిషి కాకుండా వుండిపోతే, అప్పుడు ఆలోచించాలి.

రెండవది, దర్గాకు వెళ్ళండి, గుడికి వెళ్ళండి, తాయెత్తు కట్టించుకోండి. మనసుకు నిబ్బరం ఇచ్చేదాన్ని నేను కాదనను. కాని గొలుసులతో కట్టడం, కొట్టడం, పస్తులు పెట్టడం వుంటే ఆ చోట ఒక్క క్షణం వుంచకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఏర్వాడిలో ఒక దర్గా పక్కన నడిపే ఆశ్రమం కాలిపోయి, గొలుసులతో కట్టేసి వున్న 28 మంది మనోరోగులు కదలలేక ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. ఆరోగ్య బీమా కూడా ఒంటి జబ్బుకూ, మనసు జబ్బుకూ ఒకేలా వుండాలని చెప్పింది.

మూడవది, మందుల సంగతి. దిగులుకిచ్చే మందులు మాత్ర వేసిన పూటకే పనిచేసేవి కావు. రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కొక్కప్పుడు ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం వికారం, తలనొప్పి వుండవచ్చు. "పనిచెయ్యలేదు" అని మానకండి, "తగ్గిపోయింది" అని కూడా మీ అంతట మీరు మానకండి. ఇవి నల్లమందులాగా అలవాటుపడేవి కావు. నిద్రమాత్రల సంగతి వేరు. వాటికి అలవాటు పడతారు. డాక్టరు చెప్పిన రోజులకు మించి వాడకూడదు.

నాలుగవది, "చచ్చిపోవాలని వుంది" అని ఎవరైనా అంటే "ఛీ, అవేం మాటలు" అని నోరు మూయించకండి. "అలాంటి ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. గుండె బరువు దిగుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. ప్రమాదకరమైనవి అందకుండా దాచండి. 14416 నంబరుకు ఫోను చేయండి. 'టెలి మానస్' అనే ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరులో మొదలైంది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మీ పేరు నలుగురికీ తెలుస్తుందన్న బెంగ లేదు.

మన దేశంలో 2015, 16 సంవత్సరాలలో బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు చేసిన సర్వేలో, పెద్దవాళ్ళలో పదిమందికి ఒకరికి మించి ఏదో ఒక మనోవ్యాధితో వున్నారని తేలింది. వాళ్ళలో చాలామందికి వైద్యం అందలేదు. అంటే మన వీధిలో పది ఇళ్ళు చూస్తే, ఏదో ఇంట్లో ఎవరో ఒకరు నోరు విప్పకుండా బాధపడుతున్నారన్నమాట. ఆ ఇల్లు మనదే కావచ్చు, ఆ మనిషి మనమే కావచ్చు.

కాబట్టి సోదరీమణులారా, ఈ వారం ఒక పని చేసి చూడండి. మీ తోడికోడలో, అత్తగారో, పైవాటాలో వుండే ఆమో, కొద్దిరోజులుగా ముభావంగా వుంటే, టీ గ్లాసు చేతికిచ్చి, పక్కన కూర్చుని "ఏమిటమ్మా, ఈమధ్య మనసు బాగుండడం లేదా?" అని అడగండి. సలహా చెప్పకండి, ఎవరితోనూ పోల్చకండి. వినండి చాలు. అవసరమైతే ఎర్రగడ్డ ఆసుపత్రికి తోడు వెళ్ళండి. తోడు వెళ్ళినవాళ్ళు పదిమందయితే ఆ పేరు తిట్టుగా మిగలదు. మామూలుగా ఒక ఆసుపత్రి పేరు అవుతుంది.